రద్దీ హైవేలో సైకిళ్లు, పాదచారులు: కొత్త తారు పడేలోపు ఏం మార్చాలి?

కిలోమీటరు_రాయి (ప్రశ్న)

కొలతలన్నీ ఇస్తున్నాను. సలహాలు కూడా కొలతలతోనే చెప్పండి.

రోడ్డు 6 కిలోమీటర్లు. ఒక్కో వైపు రెండు లేన్లు, లేన్‌కు 3.5 మీటర్లు. మధ్యలో 1.2 మీటర్ల డివైడర్. అంచు గీత బయట 1.8 మీటర్ల తారు షోల్డర్ ఉంది కానీ, గీతను ఆనుకుని 40 సెంటీమీటర్ల మేర రంబుల్ స్ట్రిప్ (చక్రం పడితే మోత వచ్చేట్టు తారులో కోసిన గాడుల వరుస) దాన్ని తినేసింది. రోజుకు 24,000 వాహనాలు, నూటికి 12 లారీలు, బస్సులు. బోర్డు మీద 80. స్పీడ్ గన్ పెడితే 85వ శాతం వేగం (నూటికి 85 వాహనాలు దాటని వేగం) 86 వచ్చింది. సిగ్నళ్లు మూడు, ఒక్కోదానికి మధ్య 2 కిలోమీటర్లు. బస్టాపులు 11 జతలు, స్కూళ్లు రెండు, చిన్న రోడ్లు వచ్చి కలిసే చోట్లు చాలా. 180 మీటర్ల వంతెన ఒకటి ఉంది, దాని మీద షోల్డర్ లేదు. దీపాలు సిగ్నళ్ల దగ్గర మాత్రమే.

వచ్చే ఏడాది కొత్త తారు పొర వేస్తారు. వెడల్పు పెంచే వీలు లేదు. ఇప్పుడున్న ప్రతిపాదన ఇది: షోల్డర్‌కు ఆకుపచ్చ రంగు కొట్టి సైకిల్ లేన్ చేయడం, స్కూళ్ల దగ్గర రెండు ఫుట్ ఓవర్ బ్రిడ్జిలు, బస్టాపుల దగ్గర జీబ్రా గీతలు, 60 అని కొత్త బోర్డులు. ఇందులో ఏది పనికొస్తుంది, ఏది దండగ? ముందు దేన్ని పట్టుకోవాలి?

గ్యాప్_లెక్క

ముందు రోడ్డు దాటడం గురించి. రోడ్డు పక్కన నడవడం కంటే అడ్డంగా దాటడమే ఇలాంటి చోట ప్రాణం మీదకు తెస్తుంది. మీ అంకెలతోనే లెక్క వేద్దాం.

రద్దీ గంటలో ఒక దిశలో సుమారు 1,100 వాహనాలు అనుకోండి. అంటే సగటున 3.3 సెకన్లకు ఒకటి. రెండు లేన్లు, 7 మీటర్లు. సెకనుకు 1.07 మీటర్ల నడకతో 6.5 సెకన్లు, అడుగు వేయడానికి తటపటాయించే సమయం కలిపితే 9 సెకన్ల ఖాళీ కావాలి. వాహనాలు చెల్లాచెదురుగా వస్తాయనుకుంటే అలాంటి ఖాళీ కోసం సగటున 39 సెకన్లు ఆగాలి. ఫరవాలేదు, ఆగగలరు. ఇప్పుడు డివైడర్ దగ్గర ఆగే చోటు లేదనుకుని నాలుగు లేన్లూ ఒకే ఊపులో దాటాలంటే 15.2 మీటర్లు, దాదాపు 17 సెకన్ల ఖాళీ, అదీ రెండు దిశల్లో ఒకేసారి. ఆ ఎదురుచూపు లెక్కలో 12 గంటలు దాటుతుంది! నిజంలో వాహనాలు గుంపులుగా వస్తాయి కాబట్టి అంత ఉండదు. అయినా అంకె చెప్పే మాట మాత్రం నిజమే: ఒకే ఊపులో ఎవరూ దాటలేరు. అందుకే సగం దూరం పరుగెత్తి ఆ 1.2 మీటర్ల రాయి మీద నిలబడతారు. దాన్ని క్రమశిక్షణ లేకపోవడం అంటే కుదరదు. రోడ్డు వాళ్లకు మిగిల్చిన దారి అదొక్కటే.

కాబట్టి మొట్టమొదటి పని ఆ నిలబడే చోటును సరిచేయడం. 1.8 మీటర్లకు తగ్గితే అది నిలబడే చోటు కాదు. సైకిలు పొడవే సుమారు 1.8, పిల్లల బండి తోసుకొచ్చే మనిషికి అంతకంటే ఎక్కువ కావాలి. 2.5 మీటర్లు పెట్టుకోండి. దాటే దారి డివైడర్‌ను నేలమట్టంగా కోసుకుంటూ పోవాలి, ఎక్కి దిగే పని ఉండకూడదు. కోత వెడల్పు కనీసం 2 మీటర్లు, రెండు అంచుల్లో చూపులేనివారికి బొడిపెల టైల్స్. దారిని తిన్నగా కాకుండా మధ్యలో ఒక వంపు తిప్పి, మనిషి మొహం రాబోయే వాహనాల వైపు ఉండేట్టు పెడితే ఇంకా మంచిది. ఆ వంపు పొరపాటున ఎదురు దిశకు తిప్పారంటే వాహనాలకు వీపు పెట్టి నడుస్తారు. డ్రాయింగు తిరగేసి పట్టుకున్నప్పుడు జరిగే తప్పు ఇదే, చూసుకోండి.

ఇక బస్టాపుల దగ్గర ఉత్త జీబ్రా గీతలు. వద్దు. అమెరికా ఫెడరల్ హైవే అడ్మినిస్ట్రేషన్ 2005లో ప్రచురించిన అధ్యయనంలో 30 నగరాల్లో గీతలున్న 1,000 చోట్లను, లేని 1,000 చోట్లను పోల్చారు. ఎక్కువ లేన్లుండి రోజుకు 12,000 వాహనాలు దాటిన రోడ్ల మీద, ఇంకే ఏర్పాటూ లేకుండా గీతలు మాత్రమే ఉన్నచోట పాదచారుల ప్రమాదాల రేటు గీతలు లేనిచోటి కంటే ఎక్కువగా తేలింది. దీనికి ఒక కారణం మీ రోడ్డులో కళ్లముందే కనిపిస్తుంది. అంచు లేన్‌లో బస్సు మర్యాదగా ఆగుతుంది, దాని చాటు నుంచి మనిషి బయటికొస్తాడు, లోపలి లేన్‌లో కారు ఆగదు. ఎవరికి ఎవరూ కనిపించరు. ఆగే గీతను జీబ్రాకు ఆనించకుండా 6 నుంచి 15 మీటర్లు వెనక్కి జరిపితే ఆ చాటు చాలావరకు పోతుంది. 80 వేగంలో అదొక్కటే చాలదు, సిగ్నల్ కావాలి. ఆ సంగతి తెలిసినవాళ్లు చెప్తారు.

బస్టాపును దాటే చోటుకు అవతల పెట్టండి, అంటే బస్సు దాటే గీతలను దాటి వెళ్లి ఆగాలి. దిగినవాళ్లు బస్సు వెనక నుంచి దాటుతారు, వచ్చే వాహనాలకు కనిపిస్తారు. ఎదురెదురు స్టాపులు రెండూ ఇలా జరిగితే రెండు బస్సుల తోకలూ దాటే చోటు వైపే ఉంటాయి. 11 జతలకు 11 దాటే చోట్లు అక్కర్లేదు. ఎక్కేవాళ్లను, దిగేవాళ్లను లెక్కపెట్టి, దగ్గరదగ్గరగా ఉన్న స్టాపులను కలిపి, ఐదారు చోట్ల గట్టిగా చేయండి.

రెండుచక్రాల_కొలత

ఆకుపచ్చ రంగు సంగతి. 86 కిలోమీటర్ల వేగం పక్కన రంగు వేస్తే అది సైకిల్ లేన్ అయిపోదు. నెదర్లాండ్స్‌లో ఊరి బయట 80 కిలోమీటర్ల రోడ్డుకు పక్కన వేరు దారి వేయడమే పద్ధతి. వెడల్పు పెంచలేమంటున్నారు కాబట్టి ఉన్నదాన్నే మళ్లీ పంచుకోవాలి.

ఒక్కో వైపు మీకు 3.5, 3.5, 1.8 కలిపి 8.8 మీటర్లు. లోపలి లేన్ 3.1, అంచు లేన్ 3.3 చేస్తే షోల్డర్‌కు 2.4 మిగులుతుంది. అందులో 0.7 ఖాళీ పట్టీ, 1.7 సైకిలుకు. రంబుల్ స్ట్రిప్ ఆ ఖాళీ పట్టీలోకి, వీలైతే అంచు గీత మీదికే వెళ్లిపోవాలి. గీత మీదే కోస్తే 15 నుంచి 20 సెంటీమీటర్ల వెడల్పు చాలు, పైగా వర్షంలో గీత బాగా కనిపిస్తుంది.

రంబుల్ గాడుల లోతు 13 మిల్లీమీటర్లు ఉంటే సైకిలు హ్యాండిల్ చేతిలో నిలవదు. 9, 10 మిల్లీమీటర్లకు తగ్గించినా లారీ డ్రైవరుకు మోత వినిపిస్తుంది. వరుసగా కొట్టుకుంటూ పోవద్దు. ప్రతి 12 నుంచి 18 మీటర్లకు ఒకసారి 3 నుంచి 3.6 మీటర్ల ఖాళీ వదలాలి. లేకపోతే షోల్డర్‌లో అడ్డం ఏదైనా ఉన్నప్పుడు సైకిలిస్టు బయటికి రాలేడు, వచ్చినా తిరిగి లోపలికి పోలేడు. దిగుడు వాలులో సైకిలు వేగం ఎక్కువ కాబట్టి అక్కడ ఖాళీ ఇంకా పొడవుండాలి.

వంగే ప్లాస్టిక్ పోస్టులు పెట్టమని ఎవరో ఒకరు తప్పకుండా అంటారు. అవి గీత ఎక్కడుందో చూపిస్తాయి, వాహనాన్ని ఆపవు. ఇంకో చిక్కు ఊడ్చే బండి. వాహనాల గాలికి లేన్‌లోని కంకర, గాజుపెంకులు, టైరు తీగలు అన్నీ షోల్డర్‌లోకే చేరతాయి. మామూలు స్వీపర్ వెడల్పు సుమారు 2.4 మీటర్లు. 1.7 మీటర్ల దారికి పోస్టులు కట్టేస్తే అది లోపలికి దూరదు. కొన్ని నెలల్లో సైకిళ్లు మళ్లీ లేన్‌లోకి వచ్చేస్తాయి, "లేన్ ఇచ్చినా వాడటం లేదు" అన్న మాట మొదలవుతుంది. పోస్టులు పెడితే ఇరుకు స్వీపర్‌ను, ఊడ్చే రోజులను అదే కాంట్రాక్టులో రాయండి.

డ్రైన్ జాలీలు: కమ్మీలు ప్రయాణ దిశలో ఉంటే ముందు చక్రం దిగబడుతుంది. అడ్డంగా తిప్పాలి. తారు పొర వేసినప్పుడు జాలీ చట్రాన్ని పైకి ఎత్తకపోతే 40 మిల్లీమీటర్ల గుంట మిగులుతుంది. చీకట్లో, నీళ్లు నిలిచినప్పుడు దాన్ని ఎవరూ చూడలేరు.

వంతెన. దాని మీద కొత్తగా చోటు పుట్టదు. వంతెన వరకు లేన్లను 3.0కు తగ్గిస్తే ఒక్కో వైపు 1 మీటరు వస్తుంది. అది దారి కాదు, ఊపిరి పీల్చుకునే సందు, అంతే. దాంతోపాటు వంతెన ముందు సైకిలును గుర్తించి వెలిగే హెచ్చరిక దీపం పెట్టండి. 180 మీటర్లు దాటడానికి గంటకు 15 కిలోమీటర్లలో 43 సెకన్లు, 10లో 65. టైమరును 70కి పెట్టాలి. 40కి పెట్టారంటే సైకిలు వంతెన మధ్యలో ఉండగానే దీపం ఆరిపోతుంది. ఎప్పుడూ వెలిగే దీపం మాత్రం వద్దు, నాలుగు రోజులకే డ్రైవర్లకు అలవాటైపోతుంది. జాయింట్ల మీది ఇనుప రేకులు తడిస్తే జారుతాయి, గరుకు పూత వేయించండి.

మెట్ల_పక్షం

ఓవర్ బ్రిడ్జిని ఒక్క మాటతో కొట్టిపారేయొద్దు. 80 వేగంలో స్కూలు పిల్లలను నేల మీద దాటించమని ఎలా చెప్తారు? వాహనాలు, మనుషులు ఎదురుపడకపోతే ప్రమాదమే ఉండదు కదా. సిగ్నల్ పెడితే ఎర్రదీపాన్ని లెక్కచేయని లారీ ఒక్కటి చాలు. డివైడర్ మీద కంచె వేసి బ్రిడ్జి ఎక్కేలా చేస్తే అలవాటు పడతారు.

గ్యాప్_లెక్క

మీ భయం న్యాయమైనదే, అందుకే లెక్క చూద్దాం. కింద లారీలు పోవాలంటే నడక మట్టం నేల నుంచి సుమారు 6 మీటర్లు ఉండాలి. చక్రాల కుర్చీకి, సైకిలుకు 12కి 1 వాలు ర్యాంప్ అంటే 72 మీటర్లు, మధ్యలో ఆగే సమతల ముక్కలు కలిపితే 80 దాటుతుంది. ఎక్కడానికి 80, దిగడానికి 80, పైన రోడ్డు వెడల్పు. మొత్తం సుమారు 180 మీటర్లు, మూడు నిమిషాల నడక. కింద దాటితే 15 మీటర్లు. మెట్లతో అయితే దూరం తగ్గుతుంది, కానీ ముసలివాళ్లు, మోకాళ్ల నొప్పులవాళ్లు, సైకిళ్లవాళ్లు, బరువు మోసేవాళ్లు పోగా ఎంతమంది మిగులుతారు? వంతెన మీదుగా పోవడానికి నేల మీద కంటే 50 శాతం ఎక్కువ సమయం పడితే దాదాపు ఎవరూ వాడరని 1965లోనే మూర్, ఓల్డర్‌ల అధ్యయనం తేల్చింది. ఇక్కడ తేడా 50 శాతం కాదు, 12 రెట్లు.

కంచె వేస్తే ఎక్కడో ఒకచోట కోస్తారు. కోసిన చోట దీపం ఉండదు, బోర్డు ఉండదు, డ్రైవరు ఎదురుచూడడు. దాటే చోటు కనీసం 200 మీటర్లకు ఒకటి లేకుండా కంచె వేయడమంటే ప్రమాదాన్ని చీకట్లోకి తోయడమే. రోడ్డు లోతుగా తవ్విన కోతలో పోతూ, రెండు గట్లూ పైనే ఉంటే ఓవర్ బ్రిడ్జి బంగారం. అప్పుడు ఎక్కే పనే లేదు. మీ దగ్గర నేల అలా ఉందా?

ఇక 80లో పిల్లలను దాటించడం గురించి. దాటించకూడదు, ఒప్పుకుంటాను. అందుకే వేగమే తగ్గాలి. రెండున్నర సెకన్ల స్పందన, మామూలు బ్రేకుతో 60లో వచ్చే కారు 85 మీటర్లలో ఆగుతుంది. 80కి 130 మీటర్లు కావాలి. ఇంకోలా చెప్తే, 60 వేగపు కారు పూర్తిగా ఆగిన చోట 80 వేగపు కారు ఇంకా గంటకు 62 కిలోమీటర్లతో పోతుంటుంది. అమెరికాలో రోడ్డు భద్రతపై పరిశోధన చేసే ఏఏఏ ఫౌండేషన్ 2011లో వేసిన లెక్క ప్రకారం పాదచారి చనిపోయే అవకాశం 37 కిలోమీటర్ల తాకిడిలో 10 శాతం, 51లో 25, 68లో 50, 80లో 75.

పసుపుదీపం

60 బోర్డు మార్చి ఊరుకుంటే ఏమవుతుందో ముందే చెప్తాను. పరిమితిని 10 తగ్గిస్తే సగటు వేగం మామూలుగా 2 నుంచి 4 మాత్రమే తగ్గుతుంది. అయినా అది వృథా కాదు. సగటు వేగంలో ఒక శాతం తగ్గితే మరణాలు 4 శాతం మేర తగ్గుతాయన్నది స్వీడన్ పరిశోధకుడు నిల్సన్ సూత్రం. కానీ 86ను 60 చేయాలంటే బోర్డుతో పాటు రోడ్డు కూడా ఆ మాట చెప్పాలి.

మీ సిగ్నళ్ల దూరం అదృష్టవశాత్తూ కలిసొచ్చింది. 2 కిలోమీటర్లను 60లో 120 సెకన్లలో, 80లో 90 సెకన్లలో దాటుతారు. మూడు సిగ్నళ్లకూ ఒకే చుట్టు (ఒక పచ్చ నుంచి మళ్లీ పచ్చ వరకు పట్టే సమయం; సైకిల్ అంటే ఇక్కడ రెండు చక్రాలది అనుకుంటారని చుట్టు అంటున్నా) 120 సెకన్లు పెట్టి, మూడింటికీ పచ్చ ఒకేసారి వచ్చేట్టు చేస్తే 60లో పోయేవాడికి రెండు దిశల్లోనూ పచ్చ మీద పచ్చ. పచ్చ రాగానే 80లో దూకినవాడు 30 సెకన్లు ముందే వచ్చి ఎర్రదీపం ముందు నిలబడతాడు. తీరిక వేళల్లో చుట్టు 60 సెకన్లకు దించండి. అప్పుడు 60వాడికి సరిగ్గా రెండు చుట్లు, 80వాడికి ఒకటిన్నర, అంటే నేరుగా ఎర్రలోకి. ప్రవేశంలో "ఈ రోడ్డు సిగ్నళ్లు 60కి అమర్చినవి" అని బోర్డు పెట్టకపోతే డ్రైవరుకు ఈ సంగతి తెలియడానికి నెలలు పడుతుంది. అర్ధరాత్రి వేళ సిగ్నల్‌ను ఎర్రలోనే ఉంచి, వాహనం పరిమితి వేగంలో వస్తేనే పచ్చకు మారేట్టు పెట్టే పద్ధతి కూడా ఉంది, డిటెక్టర్లు పనిచేస్తున్నంత కాలం.

రెండు సిగ్నళ్ల మధ్య ఉన్న పొడవులో సగటు వేగం కొలిచే కెమెరాలు పెట్టండి. ఒక్కచోటి కెమెరా ముందు బ్రేకు వేసి దాటాక తొక్కుతారు. పొడవంతా కొలిస్తే ఆ ఆట సాగదు.

దాటే చోట్ల సిగ్నల్‌కు వస్తే, బటన్ నొక్కితే పనిచేసేది చాలు. అమెరికాలోని టూసన్‌లో పుట్టి 2009లో వాళ్ల జాతీయ నియమావళిలోకి ఎక్కిన రకం ఒకటుంది: ఎవరూ లేనప్పుడు ఆరిపోయి ఉంటుంది, నొక్కగానే మిణికే పసుపు, నిలిచిన పసుపు, నిలిచిన ఎర్ర, చివర మిణికే ఎర్ర. పాదచారుల ప్రమాదాలు 55 శాతం తగ్గుతాయని ఫెడరల్ హైవే అడ్మినిస్ట్రేషన్ చెప్తోంది. ఆ దీపం వాడుకలో లేని చోట మామూలు మూడు రంగులదే పెట్టండి, డ్రైవరుకు తెలిసిన భాష మంచిది.

టైమింగ్: మధ్యలో 2.5 మీటర్ల చోటు ఉంటే దాటడాన్ని రెండు అంచెలు చేయండి. ఒక్కో అంచె 8 మీటర్ల లోపే. నడవమనే దీపం 7 సెకన్లు, ఖాళీ చేయడానికి 8 సెకన్లు, మొత్తం 15. మొత్తం రోడ్డు ఒకే అంచెలో అయితే 7 ప్లస్ 15, అంటే 22 సెకన్లు రెండు దిశలూ ఆగాలి. అంచెలుగా చేస్తే ఒక్కో దిశను దాని గుంపు వెళ్లిపోయాక విడిగా ఆపొచ్చు, పైన చెప్పిన పచ్చ వరుస చెడదు. స్కూలు, ఆసుపత్రి లాంటి చోట సెకనుకు 1.07 కాకుండా 0.9 మీటర్ల నడక పట్టుకుని లెక్కేయండి.

చెడేది ఎక్కడంటే బటన్ దగ్గర. నొక్కాక 90 సెకన్లు ఏమీ జరగదు, మనిషి విసిగి ఖాళీ చూసి పోతాడు, ఆ తర్వాత ఎర్ర పడుతుంది. దాటేవాడు లేడు, లారీ ఊరికే ఆగింది. పది రోజులు ఇలా జరిగితే ఆ దీపాన్ని ఎవరూ ఖాతరు చేయరు. 30 సెకన్ల లోపు స్పందించాలి. నొక్కగానే బటన్ మీద చిన్న దీపం వెలగాలి, లేకపోతే చెడిపోయిందనుకుంటారు.

పెద్ద జంక్షన్లలో పాదచారికి పచ్చను వాహనాల కంటే 3 నుంచి 7 సెకన్లు ముందు ఇవ్వండి. అప్పటికి మనిషి లేన్ మధ్యకు చేరి, తిరిగే డ్రైవరు కంట్లో పడతాడు. ఎర్రలోనే తిరిగే అనుమతి అలాగే ఉంచితే ఈ ముందడుగు వృథా.

కిలోమీటరు_రాయి

చాలా పనికొచ్చింది. మూడు అడ్డంకులు చెప్తాను. లేన్ 3.5 కంటే తగ్గితే లారీలు పక్కవాటిని రాసుకుంటాయని ఒక అభ్యంతరం. డివైడర్‌ను 2.5 చేయాలంటే ఇంకా 1.3 కావాలి, అది ఎక్కడి నుంచి వస్తుంది? మూడోది, నడిచేవాళ్లు, సైకిళ్లు ఇద్దరూ ఆ 1.7 మీటర్లలోనేనా?

రెండుచక్రాల_కొలత

లారీ ఒళ్లు 2.5 నుంచి 2.6 మీటర్లు, అద్దాలతో కలిపి 3కు దగ్గర. అందుకే రెండు లేన్లనూ సమంగా తగ్గించలేదు. బస్సులు, లారీలు ఎక్కువగా పోయే అంచు లేన్‌కు 3.3 ఉంచి, లోపలిదాన్ని 3.1 చేయడం అందుకే. 60 వేగానికి అది సరిపోతుంది. 80 అలాగే ఉంచి లేన్లు మాత్రం తగ్గిస్తే అభ్యంతరం చెప్పినవాళ్లదే నిజమవుతుంది. ఈ రెండు పనులూ విడదీయకూడదు.

డివైడర్ వెడల్పు 6 కిలోమీటర్లంతా అక్కర్లేదు, దాటే చోట్ల మాత్రమే. అక్కడ ఒక్కో వైపు 0.65 మీటర్లు కావాలి, ఖాళీ పట్టీలోని 0.7ను అక్కడ వాడుకోండి. లేన్లు రెండూ ఆ మేరకు బయటికి జరుగుతాయి. జరపడం 35 మీటర్ల పొడవులో వాలుగా ఉండాలి, ఠక్కున తిప్పకూడదు. లేన్ కాస్త పక్కకు జరిగినట్టు కనిపించడం వల్ల డ్రైవరు కాలు కొంచెం లేస్తుంది, అది అదనపు లాభం. ఖాళీ పట్టీ పోయిన ఆ 30, 40 మీటర్లలో సైకిలును కర్బ్ రాయి ఎక్కించి బస్టాపు వెనక నుంచి తిప్పితే బస్సుతో పేచీ కూడా ఉండదు. ఎక్కే వాలు 20కి 1, అంచు దగ్గర ఒక్క మిల్లీమీటరు మెట్టు కూడా ఉండకూడదు. మెట్టును ఏటవాలుగా తాకిన చక్రం జారిపోతుంది.

నడిచేవాళ్లను ఆ 1.7లో పెట్టకండి. బస్టాపు, స్కూలు, జంక్షన్ చుట్టూ 300, 400 మీటర్లు చాలు, పక్క డ్రైను మీద స్లాబు వేసి 1.5 మీటర్ల కాలిబాట చేయొచ్చు. మూతలు ఎత్తే కొక్కేల రంధ్రాలు చేతికర్ర దిగేంత పెద్దవి కాకుండా చూడాలి. స్లాబు పలకల మధ్య ఎత్తు తేడా 5 మిల్లీమీటర్లు దాటితే కాలు తగులుతుంది. చిన్న రోడ్డు వచ్చి కలిసే చోట కాలిబాటను కిందికి దించవద్దు. బాట అదే మట్టంలో సాగాలి, వాహనమే దాన్ని ఎక్కి దిగాలి.

గీత_సున్నం

జంక్షన్ మూలలు ఎవరూ ముట్టుకోలేదు. మూల గుండ్రం 15 మీటర్ల వ్యాసార్ధంతో ఉంటే కారు పెద్దగా వేగం తగ్గించకుండానే తిరిగేస్తుంది. 6కు తగ్గించాలి. పొడవైన లారీ తిరగదంటే మూల లోపల 50 నుంచి 75 మిల్లీమీటర్ల ఎత్తులో గరుకు రాతి అరుగు కట్టండి, లారీ వెనక చక్రాలు దాని మీద ఎక్కిపోతాయి, కారు ఎక్కదు. ఆ అరుగు కాలిబాట రంగులో ఉంటే మనుషులు దాని మీద నిలబడతారు, రంగు వేరుగా ఉండాలి. సిగ్నల్‌తో పని లేకుండా జారిపోయే పక్క దారి ఉంటే మూసేయండి. మూయలేకపోతే దాటే చోటును ఒక కారు పొడవు వెనక్కి జరిపి ఎత్తు చేయండి.

దీపాలు దాటే చోటుకు సరిగ్గా నెత్తిన వద్దు. నడినెత్తిన వెలుగు పడితే డ్రైవరుకు మనిషి నల్లటి నీడలా కనిపిస్తాడు. వాహనం వచ్చే వైపు, గీతలకు కనీసం 3 మీటర్లు ముందు స్తంభం ఉండాలి. నేల మీద కాదు, 1.5 మీటర్ల ఎత్తులో నిలువుగా 20 లక్స్ (వెలుగు కొలత) రావాలి. లక్స్ మీటరును నేల మీద పెట్టి కొలిచి సంతకం చేసేస్తారు, అక్కడే మోసపోతాం. డివైడర్ మీద మొక్కలు దాటే చోటుకు ముందు మోకాలి ఎత్తు మించకూడదు, పిల్లల తలలు దాగిపోతాయి.

తారు పని వరుస: ముందు డివైడర్ పని, జాలీలు, లూపు డిటెక్టర్ల (వాహనాన్ని గుర్తించడానికి రోడ్డులో పాతే తీగల) పైపులు, తర్వాత తారు. తిరగేస్తే కొత్త రోడ్డును తవ్వాలి. పాత రంబుల్ గాడుల మీద నేరుగా పొర వేస్తే కొన్నాళ్లకు వాటి జాడ పైకి తేలుతుంది, అదీ సరిగ్గా కొత్త సైకిలు దారిలో. ముందు మిల్లింగ్ చేసి, అంటే పై పొరను యంత్రంతో గీకి, తీసేయాలి. పాత గీతలకు నల్ల రంగు కొట్టి కప్పవద్దు, రాత్రి తడిలో అవి కొత్త గీతల కంటే ఎక్కువ మెరుస్తాయి. తారు పొర అతుకు సైకిలు దారి మధ్యలో రాకూడదు. తారు పరిచే యంత్రం (పేవరు) వెడల్పు 8.8కి చాలకపోతే అతుకును అంచు గీత కిందికి జరపమని టెండరులోనే రాయండి. షోల్డర్‌ను వదిలేసి లేన్ల వరకే తారు వేస్తామంటే ఒప్పుకోకండి, 40 మిల్లీమీటర్ల గట్టు పొడవునా మిగులుతుంది.

సైకిలు దారిలో థర్మోప్లాస్టిక్ బొమ్మలు పెద్దవి వద్దు, తడిస్తే జారతాయి. వేసినచోట గాజుపూసలతో పాటు గరుకు పొడి కూడా చల్లించండి. ఆకుపచ్చ రంగు కావాలంటే చిన్న రోడ్లు కలిసే చోట మాత్రమే వేయండి, అక్కడే దాని అవసరం.

గీత యంత్రం రాకముందు సుద్దతాడు కొట్టి చుక్కలు పెడతారు. టేపు తీసుకుని నిలబడాల్సింది ఆ రోజే. పాత డ్రాయింగు అలవాటుతో లేన్ 3.5 పెట్టేసి మిగిలింది షోల్డర్‌కు వదలడం మామూలుగా జరిగే పని. ప్రతి 50 మీటర్లకు డివైడర్ కర్బ్ నుంచి 3.1, 6.4, 7.1 మీటర్ల దగ్గర చుక్క ఉందో లేదో చూడండి. దాటే చోట్ల దగ్గర ప్రతి 5 మీటర్లకు చూడాలి. చుక్కను తుడవడానికి తడిగుడ్డ చాలు, గీతను తుడవాలంటే రోడ్డు గీకాలి.